కుటుంబసమేత నిరాశ

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే తడుముకోనక్కర్లేదు. మనిషి పడే నిరాశకు కూడా మూడు ప్రతుల్లో ఒక ఫారం ఉండటమే నాగరికత. ఆకలికీ, జ్వరానికీ, ఆస్తి తగాదాలకూ ఫారాలు ముందునుంచీ ఉన్నాయి, వాటిలో గొప్పేమీ లేదు. ఇంట్లో సోఫాలో కూర్చుని డీవీడీలో సినిమా చూసి ఉసూరుమన్నవాడి కోసం ఒక కార్యాలయం, ఆ కార్యాలయానికి ఒక అధికారి, ఆ అధికారికి ఒక గుండ్రటి ముద్ర ఏర్పాటైన నాడే మనం పూర్తిగా మనుషులమయ్యాం.

ఆ కార్యాలయం పేరు గృహవీక్షణ వినోద నాణ్యతా పరిరక్షణ మండలి, నిరాశా నిర్ధారణ విభాగం. (ఇంత పేరు బోర్డులో పట్టక, 'నిర్ధారణ విభాగం' అన్న ముక్క పక్క తలుపు మీదికి వెళ్ళింది. అది మరుగుదొడ్డి తలుపు.) సినిమాహాల్లో నిరాశపడినవాడికి ఈ విభాగంతో పనిలేదు. అతను మెట్లు దిగుతూ ముక్కూమొహం తెలియనివాళ్ళతో కలిసి నాలుగు తిట్లు తిట్టి తేలికపడతాడు. ఇంట్లో చూసినవాడికి ఆ వెసులుబాటు లేదు. అతని పక్కన భార్య ఉంటుంది. అందుకే ప్రభుత్వం కలగజేసుకోవలసి వచ్చింది.

మన గుమస్తా ఈ విభాగం గడప తొక్కడానికి కారణం 'పెట్టె సర్దుకో ప్రియా' అనే ప్రయాణ ప్రేమ హాస్య చిత్రం. అది హాళ్ళలో మూడు రోజులు ఆడి, నాలుగో రోజు నుంచి డీవీడీ రూపంలో జనం ఇళ్ళ మీద పడింది.

గుమస్తా పనిచేసేది ధ్రువపత్రాల్లో తప్పులు దిద్దే ఆఫీసులో. పుట్టిన తేదీ తారుమారైనవాళ్ళు, తండ్రి పేరు స్థానంలో వీధి పేరు పడినవాళ్ళు, బతికుండగానే పోయినట్టు నమోదైనవాళ్ళు ఆయన బల్ల ముందు నిలబడతారు. అందరినీ ఆయన అడిగేది ఒకటే మాట: "కారణం రాశారా?" కారణం గడి ఖాళీగా ఉన్న కాగితం మీద ఆయన ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా సంతకం పెట్టలేదు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరి దగ్గరా కప్పు టీ కూడా తాగి ఎరగడు. తప్పు కంటబడితే దాన్ని దిద్దించేదాకా నిద్రపట్టదు, అంతే.

ఆయన భార్య ఇంట్లో కుట్టుపని చేస్తుంది. కొత్తవి కుట్టదు. ఉన్నవాటిని పొట్టి చేయడం, వదులు చేయడం, జిప్పు మార్చడం ఆవిడ పని. ఊళ్ళు వెళ్ళేవాళ్ళంతా బయల్దేరే ముందు ఆవిడ దగ్గరికే వస్తారు. ఎవరు కొండలకు వెళ్తున్నారో, ఎవరు సముద్రానికి వెళ్తున్నారో బట్ట చూసి చెప్పేయగలదు. ఆవిడ మాత్రం పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళకూడదని ఎవరూ అనలేదు. వచ్చే ఏడు వెళ్దామని ఆయన ప్రతి ఏడూ అన్నాడు.

ఉత్తినే అనలేదు. ఆ ప్రయాణం కోసమని ఆయన సెలవులు దాచాడు. జలుబు చేసినా, ఇంటికి చుట్టాలొచ్చినా, ఒకసారి మెట్ల మీంచి జారి పడినా సెలవు పెట్టకుండా కూడబెట్టి నలభై ఒక్క రోజులు చేశాడు. అప్పుడప్పుడూ భోజనాల దగ్గర ఆ అంకె పైకి చదివేవాడు. వినగా వినగా ఆవిడకు ఆ నలభై ఒక్క రోజులూ ఇంట్లో ఒక గది ఉన్నట్టూ, దానికి తాళం వేసి ఉన్నట్టూ అనిపించేది.

ఇరవై రెండో పెళ్ళిరోజున ఆయన ఆఫీసు నుంచి ఐదు నిమిషాలు ముందే బయటపడి డీవీడీ కొనుక్కొచ్చాడు.

"ఇదిగో, చూడు. ఏడు దేశాలట! రెండు గంటల్లో అన్నీ తిరిగిరావొచ్చు. సామాన్లు మోసే పని కూడా లేదు," అన్నాడు గర్వంగా.

ఆవిడ అట్ట వెనక్కి తిప్పి చదివింది. 'ఏడు దేశాలు, రెండు హృదయాలు, ఒకటే పెట్టె! నవ్వులే నవ్వులు!' అని ఉంది. ఒళ్ళో ప్యాంటు పెట్టుకుని కూర్చుని, అంచు కుడుతూ చూసింది.

సినిమా సంగతి ఎక్కువ చెప్పుకోవడం మర్యాద కాదు. ఏడు దేశాలన్నారు గానీ, ఏడూ ఒకే హోటలు వరండా. దేశం మారినప్పుడల్లా కర్టెన్లు మార్చారు. నాలుగో దేశంలో బట్ట చాలక మొదటి దేశం కర్టెన్నే తిరగేసి కట్టారు. (ఈ సంగతి కనిపెట్టింది ఆవిడ. కుట్టు చూసి గుర్తుపట్టింది.) హీరో ప్రతి దేశంలోనూ ఫౌంటెన్లో పడతాడు. హీరోయిన్ ప్రతి దేశంలోనూ వేరేవాళ్ళ పెట్టె ఎత్తుకొస్తుంది. చివర్లో ఇద్దరూ సముద్రం ఒడ్డున నిలబడి, ఇదంతా ముందే ఎందుకు చెప్పుకోలేదా అని ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యం మనకూ కలుగుతుంది.

"దగా! పచ్చి దగా!" అన్నాడు గుమస్తా, లైటు వేసి.

"సముద్రం బాగుంది. రెండు నిమిషాలే చూపించినా నిజంది చూపించారు," అంది ఆవిడ దారం కొరుకుతూ. "పోనీలెండి. ఏడు దేశాలు మనకెందుకు? ఒక్క సముద్రం చాలు. మనమే వెళ్దాం. నా మోకాళ్ళు ఇంకో రెండేళ్ళు ఒప్పుకుంటాయో లేదో."

"వెళ్దాం. తప్పకుండా వెళ్దాం. కానీ దీన్ని ఇలా వదిలేస్తే ఎలా? ఇది తేలనీ," అన్నాడాయన. అప్పటికే భూతద్దం పెట్టి, అట్ట అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ఫిర్యాదుల చిరునామా చదువుతున్నాడు.

ఫారం పేరు ని-7. పద్నాలుగు పేజీలు. నిరాశ ఏ నిమిషంలో మొదలైంది, క్రమంగా పెరిగిందా, ఒక్కసారిగా కమ్ముకుందా, ఆ సమయంలో ఫిర్యాదుదారు కూర్చున్నాడా, జారగిలబడ్డాడా అని అడిగారు. గుమస్తా జన్మలో ఇంత సంతోషంగా ఏ కాగితమూ నింపలేదు. 'పదకొండో నిమిషం, నలభయ్యో సెకను' అని రాశాడు. తొమ్మిదో పేజీలో 'ఒంటరిగా', 'కుటుంబసమేతంగా' అని రెండు గడులున్నాయి. ఇద్దరు నిరాశపడ్డారంటే ఫిర్యాదుకు బరువు వస్తుందని లెక్కవేసి రెండోదానిలో టిక్కు పెట్టాడు. భార్యను అడగలేదు. అడిగేదేముంది, పక్కనే ఉందిగా.

మొదటి విచారణకు పిలుపొచ్చింది. నిరాశాధికారిని చూస్తే ఆయన ఉద్యోగమేమిటో వేరే చెప్పనక్కర్లేదు. మనిషంతా కాస్త కిందికి జారినట్టుంటాడు, కళ్ళద్దాలతో సహా.

"సినిమా చూసి నిరాశపడ్డానంటున్నారు. చూడకముందు ఆశపడ్డారా?" అని అడిగాడు.

"పడ్డానండి."

"రుజువేదీ?"

గుమస్తా దగ్గర రుజువు లేదు. నిబంధన నాలుగు ప్రకారం, ఆశ లేనిచోట నిరాశ చెల్లదు. వీక్షణకు ఇరవై నాలుగు గంటల ముందు పొందిన 'ఆశా ధ్రువపత్రం' జతచేయాలి. ముందు పొందనివారు, తాము ఆశపడుతుండగా చూసిన ఇద్దరు సాక్షులతో తర్వాతైనా పొందవచ్చు. ఆఫీసులో పక్కబల్ల ఆయన, టైపిస్టు వచ్చి, ఫలానా సాయంత్రం ఫిర్యాదుదారు ఐదు నిమిషాలు ముందే లేచాడనీ, ఈల వేయబోయి మానుకున్నాడనీ రాసిచ్చారు. పత్రం చేతికొచ్చేసరికి ఆరు సెలవులు అయ్యాయి. ఐదు నిమిషాలు ముందే లేచినందుకు ఆయన ఆఫీసువాళ్ళిచ్చిన మెమో ఉచితంగా వచ్చింది.

తర్వాత ఇంటి తనిఖీ. తనిఖీ అధికారి 'ఈ వారంలో ఏదో ఒకరోజు' వస్తాడని ఉత్తరం వచ్చింది. గుమస్తా వారమంతా సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. ఆ వారం రాలేదు. మరో వారం కూర్చున్నాడు. అలా కూర్చున్న పన్నెండో రోజు సాయంత్రం తనిఖీ అధికారి టేపుతో వచ్చి, సోఫాకూ టీవీకీ మధ్య దూరం, సోఫా గుంట లోతు కొలిచి రాసుకున్నాడు. నిబంధన ప్రకారం కొంతభాగం చూడాలి గనక డిస్కు పెట్టించాడు. మూడో దేశంలో హీరో ఫౌంటెన్లో పడ్డాడు. తనిఖీ అధికారి కిసుక్కున నవ్వాడు.

వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అది దగ్గు," అన్నాడు అధికారి.

"దగ్గేనండీ, నేను విన్నాను," అన్నాడు గుమస్తా ఆత్రంగా.

"నవ్వారు," అంది ఆవిడ మిషను దగ్గర్నుంచి.

ఆవిడ అబద్ధం చెప్పదని గుమస్తాకు తెలుసు. ఆ క్షణంలో మాత్రం అదొక దురలవాటులా కనిపించింది. దగ్గేనని డాక్టరు చేత రాయించి జతచేశారు గానీ, డీవీడీ కంపెనీ వకీలు వదల్లేదు. ప్రభుత్వోద్యోగి ఒకరు విధినిర్వహణలో నవ్వినట్టు అనుమానం ఉన్నందున, ఫిర్యాదుదారుకు నవ్వు పరీక్ష జరపాలని పట్టుబట్టాడు.

నవ్వు పరీక్షకు ముగ్గురు సభ్యుల సంఘం. ఒకరు పెదవులు గమనిస్తారు, ఒకరు భుజాలు, ఒకరు పొట్ట. గుమస్తాను కుర్చీలో కూర్చోబెట్టి సినిమా వేశారు. తొమ్మిది రోజులు వేశారు. (సంఘం ముగ్గురిలో ఎవరో ఒకరు ప్రతిసారీ నిద్రపోయేవారు, కోరం లేక మర్నాడు మళ్ళీ మొదటినుంచి.) తొమ్మిదో రోజు భుజాల సభ్యుడు, పొట్ట సభ్యుడు ఫిర్యాదుదారు నిశ్చలంగా ఉన్నట్టు ధ్రువీకరించారు. పెదవుల సభ్యుడు మాత్రం యాభై మూడో నిమిషంలో కదలిక నమోదు చేశాడు.

"నవ్వు కాదండీ బాబూ. ఇన్నిసార్లు చూసి డైలాగులు నోటికొచ్చాయి. నాకు తెలీకుండానే పైకి అంటున్నా," అని మొరపెట్టుకున్నాడు గుమస్తా.

కంపెనీ వకీలు లేచి, ఫిర్యాదుదారుకు సినిమా మొత్తం కంఠస్థమన్న విషయం రికార్డు చేయవలసిందిగా కోరాడు. రికార్డు చేశారు.

ఆ రోజు ఆయన ఇంటికి వచ్చేసరికి భార్య ఒక చిన్నపిల్ల ఈతబట్టలు బిగుతు చేస్తోంది.

"ఇంకెన్ని సెలవులున్నాయండీ?"

"పద్నాలుగు."

"వారం చాలు మనకి. రేపే రాసిచ్చెయ్యండి. రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి సముద్రం."

"కేసు సగంలో పెట్టుకుని పోదామా? పెదవుల కదలిక మీద వివరణ ఇచ్చుకోవాలి. ఇప్పుడు ఊరెళ్తే, నిరాశపడ్డ మనిషి షికార్లు ఎలా తిరుగుతున్నాడని ఆ వకీలు అడగడూ?"

ఆవిడకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండునని మాత్రం అనిపించింది. ఎదురుగా ఉన్నాయన తాగుబోతు కాదు, తిరుగుబోతు కాదు, చెయ్యెత్తే మనిషి కాదు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే చెప్పుకోవడానికి వీలుగా ఒక్క తప్పూ చేయలేదు.

వివరణకు, వివరణ మీద వివరణకు, వకీలుగారి పంటినొప్పి వల్ల పడిన వాయిదాలకు కలిపి పదమూడు రోజులు పోయాయి. చివరికి నిరాశాధికారి ఫైలు తిరగేస్తూ తొమ్మిదో పేజీ దగ్గర ఆగి, ఫిర్యాదు కుటుంబసమేతం గనక భార్య వాంగ్మూలం లేనిదే తీర్పు ఇవ్వడం కుదరదన్నాడు. బుధవారానికి వేశాడు.

"వచ్చే శుక్రవారం నుంచి వారం రోజులు సెలవు దొరుకుతుందా?" అని అడిగింది ఆవిడ ఆ విచారణకు ముందు వారమే, అన్నం వడ్డిస్తూ.

"ఒక్కటే మిగిలింది. అది బుధవారం విచారణకి. జీతం లేని సెలవు పెడితే సర్వీసు పుస్తకంలో మచ్చ పడుతుంది. ఎందుకడిగావు?"

"ఊరికే."

"బుధవారం నువ్వేం కంగారుపడకు. 'నిరాశ చెందాను' అని ఒక్క ముక్క చెప్తే చాలు. మిగతాది నేను చూసుకుంటా."

బుధవారం ఆవిడ మంచి చీర కట్టుకుని వచ్చింది. వెంట ఆయన సర్దిన ఫైలు వచ్చింది, ఈసారి రెండు సంచుల్లో. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. గుమస్తా ఇన్నాళ్ళ శ్రమా ఆవిడ చెప్పబోయే ఒక్క మాట మీద ఉంది.

"మీరు ఈ సినిమా చూశారా అమ్మా?" అని అడిగాడు నిరాశాధికారి.

"చూశానండి. ఒకసారి పూర్తిగా, తనిఖీ ఆయనతో కొంత."

"నిరాశ చెందారా?"

"లేదండి."

గుమస్తా దగ్గాడు. అది నిజంగానే దగ్గు.

"అంటే బాగుందంటారా?"

"బాగుందని కాదండీ. ఆ అబ్బాయికి నడిచేచోట చూసుకోవడం తెలీదు. ఆ పిల్లకి తన పెట్టె ఏదో తెలీదు. అయినా ఇద్దరూ గడప దాటారు. కర్టెన్లు మార్చారో, తిరగేశారో, ఎక్కడికో వెళ్దామనుకున్నారు, వెళ్ళారు. వాళ్ళ మీద నాకేం ఫిర్యాదు లేదండి."

"కానీ ఫారంలో కుటుంబసమేతంగా నిరాశ అని ఉందే!"

"ఉందండి. నిరాశ లేదని నేననడం లేదు. అది సినిమా వల్ల కాదు, అంతే."

నిరాశాధికారి పన్నెండో పేజీ తీశాడు. 'నిరాశకు కారకులు' కింద నిర్మాత, దర్శకుడు, నటీనటులు, డిస్కు మీద గీతలు, కరెంటు కోత అని ఐదు గడులున్నాయి. పెన్ను ఐదింటి మీదా తిప్పి, "మరెవరి వల్లమ్మా?" అన్నాడు.

"ఇరవై రెండేళ్ళ నుంచి వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటే నమ్మానండి. నలభై ఒక్క రోజులు దాచారంటే మురిసిపోయాను. ఆ నలభై ఒక్కటీ నాతో ఒక్కరోజైనా ఎక్కడికీ రాకుండా, తనిఖీ కోసం ఇంట్లోనూ, ఈ గది బయట బల్ల మీదా కూర్చుని ఖర్చుపెట్టేశారు. నాకు ఏడుపొస్తోందండి. కానీ ఆ సినిమా తీసినవాళ్ళని ఎందుకు అనాలి?"

కంపెనీ వకీలు గెలిచిన మొహం పెట్టడం మరిచిపోయాడు. నిరాశాధికారి కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. అవి మళ్ళీ జారాయి.

"సముద్రం ఇక్కడికి ఎంత దూరమండీ?" అని అడిగాడు, విచారణకు సంబంధం లేకపోయినా.

"రాత్రి బండి ఎక్కితే తెల్లారేసరికి."

"ఓహో. అంతేనా," అన్నాడాయన. కాసేపు కిటికీలోంచి ఎదురుగోడ చూసి, తీర్పు చెప్పాడు. నివేదించబడిన నిరాశ వాస్తవమే గానీ విభాగం పరిధిలోకి రాదు. చిత్రం నిర్దోషి. ఇకమీదట అట్ట మీద 'నిరాశపరచదని అధికారికంగా నిర్ధారణ అయినది' అని వేసుకునే హక్కు కంపెనీకి సంక్రమించింది. గుండ్రటి ముద్ర పడింది.

గుమస్తా వరండాలోకి వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. అప్పీలుకు ముప్పై రోజుల గడువుంది. కానీ సెలవు లేదు. జీవితంలో మొదటిసారి ఒక తప్పు దిద్దకుండా మిగిలిపోయింది. అదేమిటో కూడా ఆయనకు లీలగా తెలుస్తోంది. భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"పోనీ, ఆదివారం ఎక్కడికైనా వెళ్దామా? సాయంత్రానికల్లా తిరిగొచ్చేలా," అన్నాడు చిన్నగా.

"ఆదివారం నేనుండనండీ. శుక్రవారం రాత్రి బండికి వెళ్తున్నా, సముద్రానికి. రెండు టికెట్లు తీశాను, మీకూ నాకూ. అందుకే ఆ రోజు సెలవు సంగతి అడిగాను. లేదన్నారుగా. మీ టికెట్టు మా అక్కయ్య పేరుకి మార్పించేశాను."

నేనూ వస్తాను అనాలనుకున్నాడు గుమస్తా. మచ్చ పడితే పడనీ అనాలనుకున్నాడు. ఆ మాటలు నాలిక దాకా వచ్చాయి కూడా. కానీ ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం వాటికంటే ముందు బయటికొచ్చింది.

"పేరు ఊరికే మార్చరే! కారణం గడిలో ఏం రాశావు?"

"రాయనక్కర్లేదండీ," అంది ఆవిడ లేస్తూ. "ఫారంలో ముందే అచ్చేసి ఉంది, మొదటి వరసలోనే. 'భర్తకు వీలుపడలేదు' అని."